రాయచూరు యుద్ధం గుర్రాల డబ్బు దగ్గర మొదలైంది

సంపాదకులకు నమస్కారం.

విజయనగర రాజులకూ దక్కను సుల్తానులకూ జరిగిన యుద్ధాల మీద పత్రికల్లో, ముఖ్యంగా ఆదివారం సంచికల్లో, తరచూ వ్యాసాలు వస్తుంటాయి. ఆ ఆసక్తి సంతోషించదగ్గదే. కానీ చాలా వ్యాసాలది ఒకటే మూస: అటు లక్షల సైన్యం, ఇటు లక్షల సైన్యం, మధ్యలో మతం. ఏ కోట కోసం, ఎవరి డబ్బుతో, ఏ నెలలో, ఏ ఏరు దాటి కొట్టుకున్నారన్నది ఒక్క వాక్యంలోనైనా కనపడదు. అది లేకుండా ‘మతయుద్ధం’ అని శీర్షిక పెడితే చదివేవారికి కోపం వస్తుందేమో గాని చరిత్ర తెలియదు.

కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న రాయచూరు కోట కోసం విజయనగరానికీ బీజాపూరుకూ 1520లో జరిగిన యుద్ధాన్నే తీసుకోండి. దాని గురించి మనకున్న పెద్ద ఆధారం పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్. యుద్ధం అయిన పదిహేనేళ్లకు విజయనగరంలో ఉండి రాశాడు. తగాదా ఎక్కడ మొదలైందో ఆయన స్పష్టంగా చెప్పాడు. శ్రీకృష్ణదేవరాయలు సయ్యద్ మర్కార్ అనే ముస్లిం వర్తకుడి చేతికి 40,000 పర్దావులు (వరహాను పోర్చుగీసులు అలా పిలిచేవారు) ఇచ్చి గోవాలో గుర్రాలు కొనుక్కురమ్మని పంపాడు. ఆ వర్తకుడు డబ్బుతో సహా గోవా పక్కనున్న పోండాకు, అక్కడి నుంచి బీజాపూరు ఆదిల్ షా పంచకు చేరాడు. మనిషినీ డబ్బునూ అప్పగించమని రాయలు కబురు పెట్టాడు. ఆదిల్ షా అప్పగించలేదు. రాయలకు కావలసిన సాకు దొరికింది.

సాకు అని ఎందుకంటున్నామంటే, రాయచూరు మీద కన్ను అప్పటిది కాదు. కృష్ణరాయలకు ముందు విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు పోతూ పోతూ తాను తీసుకోలేకపోయిన కోటలను గెలవాలని చెప్పిపోయాడనీ, వాటిలో రాయచూరు, ఉదయగిరి ఉన్నాయనీ న్యూనిజే రాశాడు. రాయచూరు బీజాపూరు సుల్తాను చేతిలో ఉండేది. ఉదయగిరి ఒడిశా గజపతులది. ఒకటి ముస్లిం రాజు కోట, ఇంకొకటి హిందూ రాజు కోట. రెండూ ఒకే జాబితాలో ఉన్నాయి.

గుర్రాల దగ్గర కొంచెం ఆగాలి. పత్రికల్లో వచ్చే వ్యాసాలు వదిలేసేది సరిగ్గా దీన్నే. దక్కనులో పుట్టే గుర్రం పొట్టిది, బరువైన కవచంతో పరుగెత్తే రౌతును మోయలేదు. మేలు జాతి గుర్రం పారసీక తీరపు రేవు హోర్ముజ్ నుంచో అరేబియా రేవు ఏడెన్ నుంచో ఓడలో రావాలి. దారిలో కొన్ని చస్తాయి, వచ్చినవీ ఇక్కడి ఎండకూ మేతకూ ఎక్కువ కాలం నిలవవు. అందుకే ఏటా కొత్తవి కొనాల్సిందే. కృష్ణరాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని న్యూనిజ్ లెక్క. సాళువ నరసింహరాయలైతే మూడు గుర్రాలకు వెయ్యి పర్దావుల చొప్పున ఇచ్చేవాడు. సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానితో సమానంగా వెల కట్టేవాడు. వర్తకుడు తన రేవు వదిలి శత్రువు రేవుకు పోకూడదన్నదే అందులో లెక్క. ఆముక్తమాల్యద రాజనీతి పద్యాల్లోనూ ఇదే మాట ఉంది: దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్లు, ఇళ్లు, మంచి లాభం ఇచ్చి మనవాళ్లను చేసుకోవాలి, ఆ గుర్రాలు పగవాడికి దక్కకూడదు. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి వచ్చాక విజయనగరం వారితో స్నేహం వదులుకోకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

దీనికి వందేళ్ల ముందు కథ కూడా ఇంతే. బహమనీలు మన మీద ఎందుకు గెలుస్తున్నారని రెండవ దేవరాయలు కొలువులో అడిగితే రెండు కారణాలు చెప్పారని పారసీలో దక్కను చరిత్ర రాసిన ఫెరిస్తా అంటాడు: వాళ్ల గుర్రాలు మేలైనవి, వాళ్ల విలుకాళ్లు నేర్పరులు. దేవరాయలు చేసిన పని ముస్లిం విలుకాళ్లను కొలువులోకి తీసుకుని, వారికి జాగీర్లిచ్చి, మసీదు కట్టించి, సింహాసనం ముందు ఖురాను పెట్టించడం. హంపీలో అహ్మద్ ఖాన్ అనే ఉద్యోగి రాజు పుణ్యం కోసం కట్టించిన కట్టడం 1439 శాసనంతో ఇప్పటికీ నిలిచి ఉంది.

ఇక సైన్యం అంకెలు. రాయచూరు మీదికి రాయలు 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులతో వెళ్లాడని న్యూనిజ్ అంటాడు. ఈ అంకెను వ్యాసాల్లో వాస్తవంగా అచ్చు వేస్తున్నారు. కాగితం మీద ఒకసారి లెక్క వేసి చూడండి. పదిమంది చొప్పున వరుస కట్టి, వరుసకూ వరుసకూ రెండు మీటర్లు వదిలితే కాల్బలం ఒక్కటే 140 కిలోమీటర్ల బారు. హంపీ నుంచి రాయచూరుకు నేరుగా కొలిస్తే సుమారు 135 కిలోమీటర్లు. అంటే ఒకే బాటన నడిస్తే ముందువాళ్లు కోట చేరేటప్పటికి వెనకవాళ్లు ఇంకా ఊరు దాటరు. మనిషికి రోజుకు కిలో గింజలనుకున్నా 700 టన్నులు కావాలి. ఎద్దు వంద కిలోలు మోస్తే ఒక్క రోజు తిండికే 7,000 ఎద్దులు. ఇరవై రోజులకు 1,40,000. ఆ ఎద్దులకు మేత వేరే. ఎండాకాలంలో మనిషికి నాలుగు లీటర్లు, గుర్రానికి ముప్పై లీటర్లు అనుకుంటే రోజుకు దాదాపు 38 లక్షల లీటర్ల నీళ్లు. దండు విడివిడి దళాలుగా, వేర్వేరు బాటల్లో నడిచిందనుకున్నా ఈ మోత తగ్గదు.

అలాగని న్యూనిజ్ మాటలన్నీ కొట్టిపారేయనక్కర్లేదు. అంకె నమ్మకపోయినా ఆయన చూపించిన దృశ్యం నమ్మదగ్గది. సైన్యం ఒక ఏరు దాటేటప్పుడు ముందున్నవాళ్లకు నీళ్లు మోకాలిలో సగం దాకా ఉన్నాయట. సగం మంది దాటేసరికి ఏరు ఎండిపోయిందట. వెనకవాళ్లు ఇసుకలో చెలమలు తవ్వుకుని గొంతు తడుపుకున్నారట. దారి పొడవునా తోలు తిత్తులతో 12,000 మంది నీళ్లు మోసేవాళ్లను నిలబెట్టారని కూడా రాశాడు. దక్కనులో యుద్ధం అంటే ముందు నీటి యుద్ధం. కృష్ణ, తుంగభద్ర దాటడానికి వీలైన నెలలే దండయాత్రల నెలలు.

రాయచూరులో ఆదిల్ షా ఓటమికి కారణాలు కూడా ఇలాంటివే. కృష్ణ దాటి ఇవతలికి వచ్చి, ఏరు వీపు వెనక ఉండగా మోహరించాడు. ఫిరంగులన్నీ ఒకేసారి పేల్చాడు. విజయనగరం ముందు వరుస చెదిరి వెనక్కి తగ్గింది కూడా. కానీ ఆ కాలపు ఫిరంగి ఒకసారి పేలాక మళ్లీ మందు కూరి, గుండు పెట్టి, నిప్పు అంటించే వరకు పనికిరాదు. ఆ సందులో రాయలు రెండో వరుసతో విరుచుకుపడ్డాడు. వెనక్కి పారిపోవడానికి ఏరు తప్ప దారి లేదు. హోర్ముజ్ గుర్రాలు 4,000, ఏనుగులు 100, పెద్ద ఫిరంగులు 400 విజయనగరానికి చిక్కాయని న్యూనిజ్ లెక్క. తర్వాత కోట. గోడ రాళ్లు గడ్డపారలతో పెళ్లగించినవాడికి రాయి సైజును బట్టి పణాలు (చిన్న నాణేలు) చెల్లించారు. పైనుంచి బురుజుల్లో తల ఎత్తినవారిని ఫిగరెడో అనే పోర్చుగీసు వెంట వచ్చిన 20 మంది పోర్చుగీసు తుపాకీవాళ్లు కొట్టారు. హిందూ రాజు యుద్ధంలో క్రైస్తవుల తుపాకులు, ముస్లిం వర్తకుడు ఎగ్గొట్టిన సొమ్ము, హోర్ముజ్ గుర్రాలు. ఇది ఏ మతయుద్ధం?

సుల్తానులు రాకముందు కూడా ఆ రెండు నదుల నడుమ నేల ప్రశాంతంగా లేదు. ఇరువైపులా శివాలయాలు కట్టించిన చోళ, చాళుక్యులు అక్కడి సరిహద్దు కోసమే తరాల తరబడి కొట్టుకున్నారు. 1054లో కొప్పం యుద్ధంలో రాజాధిరాజ చోళుడు ఏనుగు మీదే చనిపోయాడు. రాయచూరు లోపలి కోట గోడ కాకతీయుల కాలంలో, 1294లో, గోరె గన్నయ రెడ్డి తరఫున కట్టింది. ఆ గోడలోని 41 అడుగుల రాతిమీద శాసనం ఉంది, ఆ రాతిని బండి మీద ఎలా ఈడ్చుకొచ్చారో చూపే బొమ్మ కూడా చెక్కారు. ఆ కోట ఎవరిదైతే రెండు నదుల మధ్య పన్ను వారిది.

గజపతుల మీద కృష్ణరాయల యుద్ధాలకు మన వ్యాసాల్లో చోటే తక్కువ. ఉదయగిరి కోట దాదాపు ఏడాదిన్నర ముట్టడి తర్వాత గాని లొంగలేదు. 1515లో కొండవీడు పడింది. ఉదయగిరి నుంచి తెచ్చిన బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీలో గుడి కట్టి ప్రతిష్ఠించారు. ఓడిన రాజు దేవుణ్ణి గెలిచిన రాజు తన రాజధానికి తెచ్చుకోవడం అప్పటి విజయచిహ్నం, అది ఒకే మతంవారి మధ్య కూడా జరిగింది.

తళ్లికోట యుద్ధం అని మనం పిలిచే 1565 జనవరి 23 నాటి యుద్ధానికి వస్తే, అక్కడ ‘నలుగురు సుల్తానులు మతం కోసం ఏకమయ్యారు’ అన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. ఆ నలుగురిలో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా 1543 నుంచి 1550 దాకా ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడింది ఆయన్నే. బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్ షాను అప్పుడు విజయనగరాన్ని నడుపుతున్న రామరాయలు కొడుకుగా చెప్పుకున్నాడు. 1558లో వీళ్లిద్దరినీ వెంటబెట్టుకునే అహ్మద్‌నగర్ మీదికి వెళ్లాడు. మరి ఎలా కలిశారు? సోలాపూర్ కోట చూడండి. 1524లో అహ్మద్‌నగర్‌కు పెళ్లి కట్నంగా ఇస్తామని బీజాపూరు ఇవ్వకపోవడంతో ఆ రెండు రాజ్యాలూ నలభై ఏళ్లు దాని కోసం కొట్టుకున్నాయి. చివరికి అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని, ఆమెతో సోలాపూరును అలీ ఆదిల్ షాకు ఇచ్చాడు. ఆ ముడి విడితేనే ఆ పొత్తు కుదిరింది.

రామరాయల కొలువులోని ఇద్దరు ముస్లిం సేనానులు ఎదురు తిరగడంవల్లే ఓటమి అన్నది మరో స్థిరపడిన మాట. ఇది 1567లో విజయనగరం వచ్చిన ఇటలీ వర్తకుడు ఫెడెరిచి రాసింది. ఫెరిస్తా కథనంలో గెలుపు అహ్మద్‌నగర్ ఫిరంగులది: అక్కడి ఫిరంగి దళపతి రూమీ ఖాన్ 600 ఫిరంగులను మూడు వరుసలుగా నిలిపి, ముందు 2,000 మంది విలుకాళ్లను తెరగా పెట్టి, శత్రువు దగ్గరకు రాగానే వాళ్లను పక్కకు తప్పించాడు. ఆఖరున గుండ్లకు బదులు రాగి నాణేల సంచులు కూరి పేల్చాడు. రెండు కథనాలూ ఇవ్వండి, ఎవరిది ఏదో చెప్పండి. ఫెరిస్తా కూడా బీజాపూరు కొలువులో ఉండి తరం తర్వాత రాసినవాడేనని ఒక్క మాట చేర్చండి.

మతం పేరుతో హింస జరగలేదని మా ఉద్దేశం కాదు. ఒక బహమనీ సుల్తాను ఆంధ్ర దండయాత్రలో గుడి పడగొట్టి మసీదు కట్టించి ‘ఘాజీ’ (మతం కోసం పోరాడిన వీరుడు) అనిపించుకున్నాడని ఫెరిస్తా గొప్పగానే చెబుతాడు. 1558 దండయాత్రలో విజయనగర సేన మసీదులను అపవిత్రం చేసిందనీ ఆయనే అంటాడు. 1565 తర్వాత హంపీ విధ్వంసం కళ్లెదుటే ఉంది. వీటిని దాచకూడదు. అయితే గుడి కూలడం, మసీదు పాడవడం ఏ యుద్ధంలో, ఏ ఊళ్లో, ఎవరి రాతను బట్టి తెలిసిందో చెప్పకుండా రాసే వాక్యం రెండు వైపులా అన్యాయం చేస్తుంది.

చివరగా తేదీలు. శకసంవత్సరానికి 78 కలిపితే సరిపోతుందని చాలామంది రాసేస్తారు. శకసంవత్సరం చైత్రంలో మొదలవుతుంది. జనవరి నుంచి ఆ మొదలు దాకా 79 కలపాలి. 1565 జనవరి శకం 1486లో పడుతుంది, 78 కలిపితే యుద్ధం ఏడాది ముందే జరిగిపోతుంది. హిజ్రీ ఏడాదికి 354 లేదా 355 రోజులే కాబట్టి దానికి ఒకే అంకె కలపడం కుదరదు, పట్టిక చూసుకోవాల్సిందే. ఇకమీదట ఇలాంటి వ్యాసంతోపాటు రాయచూరు, ముద్గల్, సోలాపూర్, ఉదయగిరి, గోవా గుర్తించిన చిన్న పటం, ప్రతి అంకె పక్కన అది ఎవరి లెక్కో వేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
చరిత్ర అధ్యాపకులు కొందరు