కాలువ తవ్విన రోజే అంటుకుంది

సంపాదకుడు గారికి,

ఎల్‌నినో వచ్చిన ఏడల్లా ఇండోనేషియా అడవులు తగలబడుతున్నాయని వార్తలు వస్తాయి. వానల్లేవు, ఎండలు ముదిరాయి, కార్చిచ్చు రేగింది అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. పక్కన పొగలో మునిగిన సింగపూర్ ఫొటో ఉంటుంది. చదివినవాళ్లు ప్రకృతి కోపం అనుకుని పేజీ తిప్పేస్తారు. నా అభ్యంతరం ఆ 'కార్చిచ్చు' అన్న మాట మీదే.

ఇండోనేషియాలోని సుమత్రా దీవి, బోర్నియో దీవిలో ఆ దేశపు భాగమైన కాలిమంతాన్, ఈ రెండింటి పల్లపు అడవుల్లో చాలాచోట్ల ఉన్నది మామూలు మట్టి కాదు. రాలిన ఆకులూ కొమ్మలూ నీళ్లలో నానుతూ, పూర్తిగా కుళ్లకుండా, వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకున్నాయి. దీన్ని పీట్ అంటారు. కొన్నిచోట్ల లోతు పది మీటర్లు దాటుతుంది. నీళ్లు నిలిచి ఉన్నంతకాలం ఆ నేల అంత తేలిగ్గా అంటుకోదు. కానీ అక్కడ పామాయిల్ తోటో, కాగితం గుజ్జు కోసం అకేసియానో వేయాలంటే ముందు ఆ నీళ్లు పోవాలి. అందుకని కాలువలు తవ్వుతారు. నీరు దిగిపోయాక మిగిలేది ఎండిన పిడకల గుట్టే. యంత్రాలు పెట్టడం కన్నా తుప్పలు తగలబెట్టడం చవక కాబట్టి నిప్పు పెడతారు. ఆ నిప్పు నేల లోపలికి దిగితే వారాల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. హెలికాప్టర్లతో నీళ్లు కుమ్మరించినా పెద్దగా లాభం ఉండదు, గట్టి వాన పడాల్సిందే.

అనుమానం ఉంటే అప్పటి ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం 1996లో మొదలుపెట్టిన భారీ వరి పథకం సంగతి చూడండి. సెంట్రల్ కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలాలు చేస్తామన్నారు. 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. ఆమ్లగుణం ఉన్న ఆ నేలలో వరి పండలేదు. మరుసటి ఏడే ఎల్‌నినో వచ్చింది, ఎండిన పీట్ తగలబడింది. 1999లో పథకం రద్దు చేశారు గానీ కాలువలు మిగిలాయి. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

2015లో దేశం మొత్తం మీద 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. నష్టం దాదాపు 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. వార్తలకెక్కని నష్టం ఇంకొకటి ఉంది. నీరు తీసేసిన పీట్ ఏటేటా కుంగుతుంది, కుంగిన నేల వరదకి మునుగుతుంది. ఎండాకాలం పొగతో ఉక్కిరిబిక్కిరైన ఊళ్లే వానాకాలం నీళ్లలో ఉంటాయి.

తప్పంతా పెద్ద కంపెనీలదే అనను. పామాయిల్ తోటల్లో దాదాపు 40 శాతం చిన్న రైతులవి. ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చుందనీ అనలేం. 2011లో ఆదిమ అడవుల్లో, పీట్ నేలల్లో కొత్త అనుమతులు ఆపి, 2019లో దాన్ని శాశ్వతం చేసింది. కాలువలకు అడ్డుకట్టలు వేసి నేలని మళ్లీ తడపడానికి 2016లో ఒక సంస్థనూ పెట్టింది. పాత అనుమతుల జోలికి మాత్రం ఆ నిషేధం పోలేదు. పైగా 2020లో, కరోనా టెన్షన్‌లో తిండిగింజలకు కొరత వస్తుందన్న భయంతో, ఆ పాత వరి పథకం భూముల్లోనే కొంత భాగంలో మళ్లీ సాగు మొదలుపెట్టారు! అది తెలిశాక నాకు నోట మాట రాలేదు.

ఇదంతా ఎక్కడో దూరాన జరిగేది అనుకోవడానికి లేదు. పామాయిల్‌ని అందరికన్నా ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశమే. 2020 తర్వాత అడవి కొట్టిన భూముల సరుకు మాకొద్దని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. అమలుని వాయిదాల మీద వాయిదాలు వేస్తోంది, అది వేరే సంగతి. మనకి అలాంటి చట్టమే లేదు. నూనె ధర పెరిగితే అడుగుతాం గానీ, అది ఏ నేలలోంచి వచ్చిందని అడగం.

మీ విలేకరులకు ఒక మనవి. ఈసారి ఎన్ని హెక్టార్లు కాలాయో రాసేటప్పుడు, అందులో పీట్ ఎంత, ఆ భూమి మీద అనుమతి ఎవరి పేరున ఉంది, అక్కడి కాలువలు పూడ్చారా లేదా అన్నది కూడా కనుక్కుని రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు