తోడేలు పిల్ల, ఎనుము ముడి

కొలంబస్, ఒహాయో
8 ఫిబ్రవరి 2026, ఆదివారం రాత్రి

అమ్మకు, నాయనకు నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. చలి మాత్రం వదలడం లేదు. నిన్న ఫోన్ ఎత్తలేదని మీరు టెన్షన్ పడ్డారని అక్క మెసేజ్ పెట్టింది. ఏమీ కాలేదు. చిట్టి వాళ్ల స్కౌట్స్‌లో బండ్ల పందెం ఉండింది. ఫోన్ కోటు జేబులో, కోటు కుర్చీ మీద, ఆ కుర్చీ ఎక్కడో. ఇంటికొచ్చి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్! ఫోన్లో అయితే అమ్మ ఏదీ పూర్తిగా చెప్పనీయదు, అందుకే రాస్తున్నా. నాయనా, కంటికి శ్రమ అనిపిస్తే అక్కతో చదివించుకో.

ఆఫీసు మామూలే. మా టీంలో ఇద్దర్ని తీసేశారు, నేను ఉన్నా. ఆ సంగతి ఇంక అడగొద్దు.

అమ్మా, బాయ్ స్కౌట్స్‌లో ఆడపిల్లకేం పని అన్నావంట. చిన్నపిల్లల గుంపుల్లోకి 2018 నుంచే ఆడపిల్లల్ని తీసుకుంటున్నారు. పోయినేడు ఫిబ్రవరిలో ఆ పేరు కూడా తీసేసి స్కౌటింగ్ అమెరికా అని పెట్టుకున్నారు. చిట్టిని ఒంటరిగా ఎవరితోనూ పంపడం లేదు. ఎక్కడికి పోయినా కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలని రూలు. రాత్రి క్యాంపుకైతే తల్లో తండ్రో వెంట ఉండాల్సిందే. మీ కోడలు ఆన్‌లైన్లో ట్రైనింగ్ కూడా చేసింది. ఇంక తోడేలు సంగతి. రెండో తరగతి పిల్లలంతా తోడేళ్లు, అంతే. ఒకటో తరగతి వాళ్లు పులులు, మూడో తరగతికి పోతే ఎలుగుబంట్లు. "అవ్వా, నేను తోడేలు" అని అది ఫోన్లో అన్నందుకు దిష్టి తీయమన్నావంటే మీ కోడలు ఇప్పటికీ నవ్వుతుంది. తీసిందిలే. వాళ్లు ఎడమచేత్తో చేతులు కలుపుతారు, అది వాళ్ల పద్ధతి, దాన్ని తిట్టొద్దు.

నాయనా, చిట్టి నీలం చొక్కా మీద పసుపు స్కార్ఫు వేసుకుని నిలబడితే అచ్చం నీ హైస్కూలు ఫొటోనే. నీ ఖాకీ నిక్కరు ఒక్కటే తక్కువ. 1907లో ఇంగ్లండులో ఒక దీవి మీద ఇరవై మంది పిల్లలతో బేడెన్ పవెల్ మొదలుపెట్టాడని నువ్వు నాకు చెప్పిన కథే, ఇప్పుడది నాకు చెబుతోంది, నాకేమీ తెలీనట్టు.

నిజానికి చేరింది చిట్టి కోసం కాదు. ఈ ఇంటికొచ్చి మూడేళ్లయినా పక్కింటాయన పేరు మాకు తెలీదు. చెత్తడబ్బా బయట పెట్టేటప్పుడు చెయ్యి ఊపుకునేవాళ్లం. ఆగస్టులో మీ కోడలికి జ్వరం తగిలింది, నేను ఆఫీసులో ఇరుక్కున్నా. చిట్టిని బస్సు దగ్గర నుంచి తీసుకురమ్మని అడిగేదానికి నా ఫోన్లో ఒక్క నంబరు లేదు. అమ్మ అయితే మన వీధిలో నిలబడి "ఎవరన్నా పిల్లోళ్లు ఉన్నారా" అని అరిస్తే ముగ్గురొచ్చేవాళ్లు. సెప్టెంబరులో చిట్టి బడిలో స్కౌట్స్ వాళ్లు బల్ల వేసుకుని కూర్చుంటే, మీ కోడల్ని కూడా అడక్కుండా ముగ్గురి పేర్లూ రాసిచ్చా. ఇప్పుడు ఆరు నంబర్లు ఉన్నాయి. పక్కింటాయన మనవడు చిట్టి గుంపులోనే ఉన్నాడు.

శెనక్కాయలు ఇంకా కొట్లోనే ఉన్నాయా? రేటు కోసం చూసీ చూసీ పోయినేటి మాదిరి చేసుకోవద్దు.

అక్క మాట ఒకటి మనసులో ఉండిపోయింది. అడవిలో గుడారం వేసుకునే తీరిక ఉంది గానీ నాయన కంటి ఆపరేషన్‌కు వచ్చే తీరిక లేదా అనిందంట. క్యాంపు అక్టోబరులో, అదీ శని ఆదివారాలు, గంటన్నర దూరం. సెలవు ఒక్కటి పెట్టలేదు. ఆపరేషన్‌కు వస్తే తిరిగొచ్చేదానికి వీసా స్టాంపింగ్ కావాలి. అపాయింట్‌మెంట్ దొరక్క ఇండియాలోనే నిలిచిపోయిన వాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. ఇవన్నీ అక్కకు చెప్పుకోవాలంటే నాకు మనసొప్పదు. కట్టు విప్పిన రోజు మీరు పంపిన వీడియో ఆఫీసు పార్కింగులో, కారులో కూర్చుని చూశా. నాలుగుసార్లు చూశా.

ఆ క్యాంపులో ఒకటి జరిగింది. సాయంత్రం గాలి ఎక్కువై వంట దగ్గర కట్టిన టార్పాలిన్ లేచిపోతా ఉంది. నేను తాడు అందుకుని గుంజకు ఒక చుట్టు చుట్టి, తాడు మీదుగా దాటించి రెండో చుట్టు వేసి, కొసను దాని కిందికి దూర్చి లాగా. బిగుసుకుంది. మా డెన్ లీడరు, అంటే చిట్టి గుంపును చూసుకునే ఆయన, దగ్గరికొచ్చి చూసి, ఈ క్లోవ్ హిచ్ ఎక్కడ నేర్చుకున్నావు అన్నాడు. నాకా పేరే తెలీదు. నాయన ఎనుము పలుపు కట్టే ముడి అన్నా. మరుసటి రోజు పొద్దున పిల్లలందరికీ నాతోనే నేర్పించారు. ఉగ్గాని కూడా చేశాం, కానీ ఆ డెన్ లీడరు తప్ప ఎవరూ ముట్టలేదు. మిగిలింది రెండు పూటలు మేమే తిన్నాం.

ఇంక నిన్నటి పందెం. జానెడు చెక్క దిమ్మె, నాలుగు చక్రాలు, నాలుగు మేకులు ఇస్తారు. చెక్కి బండి చేయాలి. ఇంజను ఉండదు, వాలు పలక మీద దానంతట అదే జారాలి. ఐదు ఔన్సులు, అంటే 142 గ్రాముల లోపు ఉండాలి. తేలికైతే వెనకబడుతుందని అందరూ ఆ 142 దగ్గరికే తెస్తారు. మాది కాటా మీద పెడితే 128 చూపించింది. చిట్టి పోయి, మేం అమెరికాకు బయల్దేరేటప్పుడు అమ్మ కదిరి నరసింహస్వామికి కట్టిన ముడుపు గుడ్డ పట్టుకొచ్చింది. నాకు గుండె ఆగినంత పనయింది. చివరికి రూపాయి బిళ్లలు మూడు బండి కింద అతికించాం. రెండో పరుగులో ఒక బిళ్ల ఊడి హాలంతా దొర్లింది. పిల్లలు దాని వెంటే పరుగు. పట్టుకున్న పిల్లోడు దాని మీది సింహాలను చూసి "ఇవి తోడేళ్లా?" అన్నాడు. చిట్టి అవునని చెప్పింది. గెలవలేదు, చివరి నుంచి లెక్కపెడితే తొందరగా వస్తుంది.

దానికిప్పుడు ఇంకో ముడి కావాలంట. శెనక్కాయ మూటల మూతి కడతావే, ఒక్క లాగు లాగితే ఊడేది, అది. నాకు సగమే గుర్తుంది. వచ్చే ఆదివారం మీ పొద్దున ఏడున్నరకు వీడియో కాల్ చేస్తా, గోనెసంచి, దారం పక్కన పెట్టుకో. కంట్లో చుక్కలు వేసుకున్నాకే కూర్చో. దుమ్ములో వద్దు.

మీ అబ్బాయి

తా.క. అమ్మా, ముడుపు పదకొండు రూపాయలూ భద్రంగా ఉన్నాయి. బండికి అతికించినవి మీ కోడలి పర్సులోవి.