ఉరుము మూడు నిమిషాల్లో ఆగదు మంత్రిగారూ

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగారికి,

అనంతపురం నుంచి నమస్కారాలు.

డీడీ సప్తగిరిలో వారానికి ఒక గంట రాయలసీమకు ఇవ్వండి. ఇక్కడి పాట, ఇక్కడి చేతిపని, ఇక్కడి ఇల్లూ వాకిలీ గురించి, ఇక్కడే తీసి, ఇక్కడి మనుషులే మాట్లాడే కార్యక్రమం కోసం ఆ గంట. అడగదలచుకున్నది ముందే చెప్పేశాను. ఎందుకు అడుగుతున్నానో వివరంగా రాస్తాను, దయచేసి ఓపిగ్గా చదవండి.

ఉరుములు మా జిల్లా వాద్యం. చెక్క గుల్లకు రెండు పక్కలా తోలు బిగిస్తారు. ఒక పక్కన పుల్లతో కొడతారు, రెండో పక్కన వంకర పుల్లతో రుద్దుతారు. ఆ రుద్దుడులోంచి మబ్బు మూలిగినట్టు ఒక నాదం లేస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోట పుట్టిన వాద్యానికి ఆ గొంతు ఉంది. కాళ్ళకు గజ్జెలు కట్టుకున్న మేళగాళ్ళు వలయంగా తిరుగుతూ మొదట నింపాదిగా వాయిస్తారు. అడుగు మారుతుంది, దరువు మారుతుంది, వినేవాళ్ళ ఊపిరి కూడా దానితోపాటు మారుతుంది. ఊపు రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ సేపే అసలు సంగీతం.

ఒక జాతరలో ఒక ఛానల్ వాళ్ళు వచ్చి ఈ మేళాన్ని తీయడం నేను చూశాను. ఊపున్న భాగం ముందు వాయించమన్నారు. మూడు నిమిషాలు చాలన్నారు. తర్వాత టీవీలో చూస్తే ఆ మూడు నిమిషాల మీద కూడా ఎవరిదో వ్యాఖ్యానం పరిచేశారు, ఉరుము వినపడనే లేదు. వాయించినవాళ్ళ పేర్లు లేవు. "జానపద కళాకారులు" అని ఒక పట్టీ మాత్రం కింద నడిచింది. ప్రైవేటు ఛానల్ వాళ్ళని నేను తప్పుపట్టలేను. ప్రకటనల మధ్య వాళ్ళకు దొరికే జాగా అంతే. కానీ ప్రకటనల మీద బతకనవసరం లేని టెలివిజన్ ఒకటి ఈ దేశానికి ఉంది, అది మీ శాఖ కింద ఉంది. అందుకే ఈ ఉత్తరం మీకు.

దూరదర్శన్‌నూ ఆకాశవాణినీ నడిపే సంస్థ ప్రసార భారతి. 1990 నాటి ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ ఆ సంస్థ చేయాల్సిన పనులు చెబుతుంది. దేశంలోని వివిధ ప్రాంతాల సంస్కృతులకూ భాషలకూ తగినంత చోటు ఇవ్వాలన్నది అందులో ఒకటి. చట్టం అలా ఉన్నప్పుడు మేము అడిగేది దయ కింద రాదు. "తగినంత" అంటే ఎంత అని మాత్రం చట్టం చెప్పలేదు. మా లెక్కలో అది వారానికి ఒక గంట.

చిన్న ప్రాంతం కోసం ప్రత్యేకంగా కార్యక్రమమా అని మీ అధికారులు అనవచ్చు. దూరదర్శన్ చరిత్రే దానికి సమాధానం. 1967లో రైతుల కార్యక్రమం కృషి దర్శన్ మొదలైనప్పుడు అది ఢిల్లీ చుట్టుపక్కల 80 ఊళ్ళ కోసం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా నడిపిన సైట్ ప్రయోగంలో మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళకు టీవీ పెట్టెలు వెళ్ళాయి. ఆ రోజుల్లో కెమెరా ఎవరి కోసం తిరుగుతోందో తీసేవాళ్ళకు తెలుసు. ఇప్పుడు ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాలు కలిస్తే ఎన్ని వందల ఊళ్ళో, ఆ 80 ఊళ్ళ పక్కన పెట్టి చూడండి.

ఇక నిమ్మలకుంట గురించి కాస్త ఎక్కువే రాస్తాను, క్షమించండి. తోలుబొమ్మలు చేసే ఊరు అది, ధర్మవరం దగ్గర, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త అన్ని ఛానళ్ళలోనూ వచ్చింది. బొమ్మ ఎలా పుడుతుందో మాత్రం ఎక్కడా పూర్తిగా రాలేదు. మేకతోలును వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఎండబెడితే వెలుతురు పారేంత పలచబడుతుంది. దాని మీద గీత గీస్తారు. ఆ తర్వాత చిన్న చిన్న ఉలులతో పొడిచే చిల్లులే నగలవుతాయి. హనుమంతుడి భుజకీర్తులు, సీతమ్మ వడ్డాణం, అన్నీ చిల్లులే. తెర వెనక దీపం వెలిగినప్పుడు ఆ చిల్లుల్లోంచి వచ్చే కాంతి బంగారంలా మెరవాలి కాబట్టి, ఏ చిల్లు ఎంత ఉండాలో చేతికి తెలిసి ఉండాలి. రంగు రెండు పక్కలా వేస్తారు. చేతులూ కాళ్ళూ విడివిడిగా చేసి దారంతో కీళ్ళు కడతారు. నిలువునా ఒక పుల్ల చీల్చి బిగిస్తే మనిషెత్తు బొమ్మ నిలబడుతుంది.

ఆట వేరే విద్య. బొమ్మ ఆడించే మనిషే పాడాలి, మాట్లాడాలి, కాళ్ళ కింద చెక్కలు తొక్కుతూ యుద్ధపు చప్పుడు పుట్టించాలి. హార్మోనియం, మద్దెల, తాళాలు వెనకాల కూర్చుంటాయి. మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి ఊళ్ళో సంగతులన్నీ ఎత్తుకుంటారు, జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. వాన కోసం విరాటపర్వం ఆడించే ఆచారం ఉండేది. రాత్రంతా సాగే ఆట అది. ఇప్పుడు ఆ కుటుంబాలు బతుకుతెరువు కోసం ఎక్కువగా దీపపు గూళ్ళు, గోడ బొమ్మలు చేస్తున్నాయి. ప్రదర్శనశాలల్లో అవి అమ్ముడుపోతున్నాయి, సంతోషమే. కానీ ఒక్క రాత్రి ఆట మొదటినుంచి చివరిదాకా, తెర ముందు ఒక కెమెరా, తెర వెనక ఒక కెమెరా పెట్టి తీసి ఉంచితే, రేపు ఆ ఇంటి మనవడు నేర్చుకోవడానికి అది పాఠం అవుతుంది. మూడు నిమిషాల ముక్కల్లోంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

మగ్గాల సంగతి తొందరగా చెబుతాను. ధర్మవరం పట్టుచీర టీవీకి కొత్తేం కాదు. కానీ ఎప్పుడూ దుకాణంలో, బొమ్మకు కట్టిన చీరే కనపడుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుట్టడం, పాత పడుగు (నిలువు పోగుల) కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే వేళ్ళతో మెలిపెట్టి అతకడం ఎవరూ చూపలేదు. వేల పోగులు అలా అతికితేనే మగ్గం కదులుతుంది. మగ్గం మీద కూర్చున్న ఆయన పేరైనా ఎప్పుడో ఒకసారి వస్తుందేమో గానీ, అతికిన ఆమె పేరు ఎప్పుడూ రాదు. ఎమ్మిగనూరు చేనేత, కళ్యాణదుర్గం వైపు నేసే గొంగళ్ళు, ఆళ్ళగడ్డ రాతి శిల్పాలు, శెట్టిగుంట కొయ్యబొమ్మలు, ఒక్కొక్కటీ ఒక్కొక్క గంట పట్టే కథ.

కర్నూలు జిల్లా దేవరగట్టు సంగతి చూడండి. ప్రతి దసరాకూ బన్ని ఉత్సవంలో కర్రలు, తలలు పగిలినవాళ్ళు, ఆస్పత్రికి తీసుకెళ్ళడం, ఇవే వార్తలు. ఆ ఉత్సవంలోనే గొరవయ్య కార్ణికం, అంటే రాబోయే కాలం గురించి జోస్యం, చెబుతాడు. నల్ల గొంగడి, ఎలుగు వెంట్రుకల టోపీ, చేతిలో డమరుకం, నోట పిల్లనగ్రోవి. ఈ గొరవయ్యలు ఎవరు, ఏం పాడుతారు, మైలారలింగ స్వామికీ వీళ్ళకీ ఉన్న బంధం ఏమిటి? ఇవి అడిగిన కెమెరా నాకు ఇప్పటిదాకా కనపడలేదు. నెత్తురు చూపడానికి చాలామంది ఉన్నారు. పాట వినిపించే పని మీ సంస్థే చేయగలదు.

ఇల్లూ వాకిలీ అన్నాను కదా. అది చిన్న విషయంగా అనిపించవచ్చు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు తీయవలసింది అదే. మా మట్టిమిద్దెలు మీరు చూశారో లేదో. దూలాల మీద దంతెలు (అడ్డకట్టెలు), దంతెల మీద సన్నకట్టెలో బండలో పరిచి, పైన మట్టి మెత్తి, దాని మీద చౌడు పోస్తారు. చౌడుమట్టిలోని ఉప్పు గుణం వల్ల తడవగానే దాని రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్ళు కిందికి దిగవు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోయాలి. ఏ గుంటలో చౌడు మంచిదో, ఎంత మందాన పోయాలో, నీళ్ళు ఎటు జారాలో తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. నడిమింట్లో పైకప్పుకు గవాక్షి. వెలుతురు అందులోంచి వస్తుంది, పొయ్యి పొగ అందులోంచి పోతుంది, వానొస్తే పైన బండ మూసేస్తారు. ఏప్రిల్‌లో సిమెంటు స్లాబు కింద మేము ఫ్యాన్ వేసుకుని కూడా ఉడికిపోతున్నాం. ఆ మిద్దెల కింద మధ్యాహ్నం పూట నిద్రపట్టేది. ఇంజనీరింగు చదువుతున్న మా పిల్లలకు ఈ ఇల్లు ఎలా నిలబడిందో చూపే కార్యక్రమం ఒక్కటీ లేదు. టీవీలో ఇల్లు అంటే గాజు తలుపులు, తెల్లటి సోఫాలు.

వంటదీ అంతే. స్టూడియోలో గ్యాసు పొయ్యి మీద రాగిసంగటి "స్పెషల్ వంటకం" అయిపోయింది. సంగటి రోజూ తినే కూడు. నూకలు ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, సంగటికట్టెతో ఉండ లేకుండా కెలకాలి. ఆ కెలకడానికి భుజబలం కావాలి, చూసి నేర్చుకోవాలి. పక్కన చెనిక్కాయల ఊరిబిండి (వేరుశెనగ పచ్చడి), పులగూర (పుల్లటి ఆకుకూర). విసుర్రాయి దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఇద్దరు ఆడవాళ్ళు పాడే పాటలు మా అమ్మమ్మకు వచ్చు. ఒకరు ఎత్తుకుంటే ఒకరు అందుకునేవారు. రాయి తిరిగే వేగమే పాటకు తాళం. పిండిమిల్లు వచ్చాక రాయి ఆగింది, పాట కూడా ఆగింది. ఆ పాటలు గుర్తున్న ముసలమ్మలు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. ఉరుములు మరో పదేళ్ళు ఆగగలవేమో, ఈ అమ్మలు ఆగలేరు. అందుకే ఇది ముందు తీయమంటున్నాను.

ఇది జరగని పని అనుకోకండి. అమెరికాలోని నార్త్ కెరొలైనాలో ప్రజా టెలివిజన్ 1979లో, కరెంటు పరికరాలు లేకుండా చేతి పనిముట్లతో వడ్రంగం చేసి చూపే ఒక కార్యక్రమం మొదలుపెట్టి దశాబ్దాలు నడిపింది. టెక్సాస్‌లోని ఆస్టిన్ ప్రజా టెలివిజన్ 1974లో తమ ఊరి పాటగాళ్ళ కోసం తీసిన కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. మన దగ్గర కళ తక్కువా, వడ్రంగులు తక్కువా?

డబ్బు సంగతి. ప్రసార సదుపాయాల అభివృద్ధి కోసం బైండ్ పథకం కింద 2023 జనవరిలో రూ. 2,539.61 కోట్లకు కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపింది. 2024 నవంబరులో వేవ్స్ అనే ప్రసార భారతి ఓటీటీ కూడా వచ్చింది. యంత్రాలూ వేదికా ఉన్నాయి. సప్తగిరి 2014 నుంచి విజయవాడలో ఉంది. అక్కడినుంచి ఒక బృందం రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, పగలు నాలుగు గంటలు తీసి, సాయంత్రం వెనక్కి బయలుదేరితే ఏం దొరుకుతుంది? అనంతపురంలోనే ఒక చిన్న బృందాన్ని ఉంచండి. రెండు కెమెరాలు, ఒక ఎడిటరు, అందరికన్నా ముఖ్యంగా శబ్దాన్ని బాగా పట్టే మనిషి. అనంతపురం, కడప, కర్నూలు మూడు చోట్లా ఆకాశవాణి ఉంది, అదీ మీ సంస్థే. ఏ ఊళ్ళో ఎవరు చెక్కభజన నేర్పుతారో, ఏ గొంతు ఎక్కడుందో ఆ కేంద్రాల వాళ్ళకు తెలుసు. వాళ్ళను కలుపుకుంటే పని సగం అయినట్టే.

మాట విషయంలో ఒక విన్నపం. మాట్లాడేవాళ్ళను సరిదిద్దకండి. మా యాసలో "యాడికి పోతాండావు" అన్నది సినిమాల్లో కత్తులు పట్టినవాళ్ళ నోట విని విని జనం అదొక బెదిరింపు అనుకుంటున్నారు. అదే మాట మా అమ్మలు పిల్లల్ని అన్నానికి పిలుస్తూ అంటారు. కింద వేరే తెలుగులో అక్షరాలు వేయొద్దు, పైన వేరే గొంతు పెట్టొద్దు.

పాడినవాళ్ళకూ చేసినవాళ్ళకూ డబ్బు అదే రోజు చేతికి అందాలి. వాళ్ళు కూలి మానుకుని వస్తారు. ప్రతి ఒక్కరి పేరు, ఊరు తెర మీద రావాలి. తీసినదంతా, కత్తిరించని భాగాలతో సహా, ఆ ఊరి బడికీ ఆ కుటుంబానికీ ఒక ప్రతి ఇవ్వాలి. హైదరాబాద్ కేంద్రంలో దశాబ్దాలుగా పోగుపడిన టేపుల్లో సీమ నుంచి వెళ్ళిన మేళాలూ భజనలూ ఉన్నాయి, కొన్ని నేనే చిన్నప్పుడు చూశాను. అవి వెతికి వేవ్స్‌లో పెట్టించండి. ఆ టేపుల్లో ఉన్నవాళ్ళ పిల్లలు ఇక్కడే ఉన్నారు, తమ నాయనల గొంతు విని ఎన్నేళ్ళయిందో.

మృగశిర కార్తెకు ముందు మిద్దెల మీద చౌడు పోస్తారు. బృందాన్ని ఆ లోపల పంపగలిగితే మొదటి కార్యక్రమం దానితోనే మొదలుపెట్టవచ్చు. ఏ ఊళ్ళో, ఎవరింటి మిద్దె మీద అన్నది చూపడానికి మేము సిద్ధంగా ఉన్నాం. మీ కార్యాలయం నుంచి జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక దూరదర్శన్ ప్రేక్షకురాలు