వాల్యుయేషన్ రిపోర్టులో లేని గడి

సంపాదకులకు నమస్కారం.

రిజర్వ్ బ్యాంక్ లాంటి సెంట్రల్ బ్యాంకులు వడ్డీ రేట్లు చూసుకోక కర్బన తటస్థత (గాలిలోకి వదిలే కర్బనం, తొలగించే కర్బనం సమానం కావడం) అంటాయేమిటని వాకింగ్‌లో మిత్రులు అడుగుతుంటారు. నేను బ్యాంకులో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. నాకు జవాబు విజయవాడ సింగ్‌నగర్‌లో దొరికింది.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు ఆ ప్రాంతాన్ని ముంచెత్తింది. నీళ్లు తీశాక పాత ఖాతాదారు ఒకాయన ఫోన్ చేస్తే వెళ్లాను. గోడ మీద నా భుజం ఎత్తున బురద చార. డాబా మీద పాస్‌బుక్కు, ఇంటి పన్ను రసీదులు ఆరబెట్టి, ఎగిరిపోకుండా గరిటెలు పెట్టారు. "మేనేజర్ గారూ, ఈఎంఐ ఎలా కట్టేదండీ? ఆటో ఇంజిన్‌లోకి నీళ్లు పోయాయి" అన్నాడు. ఆ ఇంటికి లోన్ శాంక్షన్ చేసింది నేనే. లీగల్ ఒపీనియన్, ఈసీ (ఆస్తి మీద తాకట్టులు చూపే పత్రం), ఇంటి విలువ కట్టే వాల్యుయేషన్ రిపోర్టు అన్నీ చూశాను. ఇక్కడికి వరద వస్తుందా అని అడిగే గడి ఆ కాగితాల్లో లేదు. నేనూ అడగలేదు. ఇప్పటికీ అది గుచ్చుకుంటూనే ఉంది.

ఒక వీధిలో ఇలాంటి లోన్లుంటే ఆ బ్రాంచికి కష్టం. వాతావరణ మార్పుతో ఊళ్లకు ఊళ్లు ఇలాగే మునిగితే మొత్తం బ్యాంకింగ్‌కే ముప్పు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్‌గా మార్క్ కార్నీ 2015లోనే ఈ హెచ్చరిక చేశారు. 2017లో ప్యారిస్‌లో 8 సెంట్రల్ బ్యాంకులు, నియంత్రణ సంస్థలు ఇందుకోసమే ఒక కూటమి కట్టాయి. మన రిజర్వ్ బ్యాంక్ 2021లో చేరింది. కొన్నిచోట్ల ప్రభుత్వాలే చెప్పాయి: బ్రిటన్ 2021 మార్చిలో నెట్ జీరోను, అంటే ఆ కర్బన తటస్థతనే, తమ సెంట్రల్ బ్యాంకు బాధ్యతల్లో చేర్చింది.

ధరల సంగతీ ఉంది. 2023 జూలైలో వాతావరణం దెబ్బకు టమాటా ధర మండిపోయి రిటైల్ ద్రవ్యోల్బణం 7.44 శాతానికి చేరింది. రిజర్వ్ బ్యాంకు లక్ష్యం 4, దాటకూడని గీత 6. వడ్డీ పెంచినంత మాత్రాన చేలో టమాటా కాయదు.

అందుకే 2025 జనవరిలో అమెరికా సెంట్రల్ బ్యాంకు ఫెడ్ ఆ కూటమి నుంచి తప్పుకోవడం నాకు బాధ కలిగించింది. సెంట్రల్ బ్యాంకులు తమ ఆఫీసుల మీద సోలార్ పలకలు పెట్టడం మంచిదే, కానీ అసలు కర్బన భారమంతా బ్యాంకులిచ్చే లోన్లలో ఉంది.

వాతావరణ ముప్పు సమాచార వ్యవస్థ తెస్తామని రిజర్వ్ బ్యాంక్ 2024 అక్టోబర్‌లో ప్రకటించింది. ఆ సమాచారం బ్రాంచి మేనేజర్ టేబుల్ దాకా రావాలి. వాల్యుయేషన్ రిపోర్టులో వరద గడి చేర్చాలి. ఆ పేరుతో మాత్రం సింగ్‌నగర్ లాంటి చోట పేదలకు లోన్లు ఆపేయకూడదు. పునాది ఎత్తు చేసుకోవడానికి, బీమా ప్రీమియం కట్టుకోవడానికి కూడా లోన్‌లోనే డబ్బు కలిపి ఇవ్వాలి.

– ఒక రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్, విజయవాడ