ఒక్కో కంటినీ విడిగా పరీక్షించండి

సంపాదకుడు గారికి,

పసితనంలో చూపును తీర్చిదిద్దే జన్యువుల గురించి వార్తలు తరచూ వస్తున్నాయి. సంతోషమే. కానీ వాటిని చదివి ‘లేజీ ఐ (ఒక కంటి చూపును మెదడు సరిగా నేర్చుకోకపోవడం) జన్యులోపమట, మందు వస్తుందట’ అని ఎదురుచూస్తే పిల్లలకే నష్టం.

లేజీ ఐ ఉన్న పిల్లల్లో సాధారణంగా ఆ జన్యువులు చెడిపోయి ఉండవు. మెదడు చూపు నేర్చుకునే గడువును తెరిచి మూసే తమ పనిని వేళకు చేసేస్తాయి, చిక్కంతా అక్కడే. ఒక కంటి నుంచి మసక బొమ్మే అందుతుంటే, మెదడు రెండో కంటికే చోటిచ్చి తలుపు వేసుకుంటుంది. గ్యాడ్65 జన్యువు తీసేసిన ఎలుకల్లో గాబా (మెదడు కణాల ఉద్రేకాన్ని తగ్గించే రసాయనం) చాలక ఆ నేర్చుకునే గడువు మొదలే కాదు. గాబా ప్రభావాన్ని పెంచే డయాజెపామ్ మందు ఇస్తే మొదలవుతుంది. బీడీఎన్‌ఎఫ్ అనే మెదడు కణాల ఎదుగుదల ప్రోటీన్ ఎక్కువైతే ముందే మొదలై ముందే ముగుస్తుంది. లింక్స్1 అనే జన్యువు ఆ గడువు మళ్లీ తెరుచుకోకుండా ఆపే బ్రేకు లాంటిది. అది లేని ఎలుకల్లో పెద్దయ్యాక కూడా చూపు కోలుకుందని 2010లో తేలింది. అయితే అవి ఆ జన్యువు లేకుండానే పుట్టిన ఎలుకలు. పసిబిడ్డకు ఇవ్వగల మందు కాదది.

ఇవాళ చేతిలో ఉన్నది పరీక్ష. పుట్టగానే ఆఫ్తాల్మోస్కోప్ (కంటి లోపల చూసే పరికరం) వెలుగులో రెండు కనుపాపల్లోనూ ఎర్రటి మెరుపు సమానంగా కనిపిస్తోందా చూడాలి. ఒక కంట్లో దట్టమైన శుక్లం ఉంటే బిడ్డ పుట్టిన దాదాపు 6 వారాల్లోపే తీయాలి. తర్వాత లెన్సు, మంచి కంటిని మూసే ప్యాచ్ తప్పవు. ఆపరేషన్‌తోనే అయిపోయిందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

పెద్ద పొరపాటు మరొకటి: రెండు కళ్లూ తెరిచి ఉంచి పరీక్షించడం. మంచి కన్నే అన్నీ చదివేస్తుంది, బిడ్డ ‘పాస్’ అవుతుంది. ఒక కన్ను మూసి చూడండి. బలహీనమైన కన్ను మూస్తే బిడ్డ పట్టించుకోదు, మంచి కన్ను మూయగానే చేయి తోసేస్తుంది. అనుమానం వస్తే చుక్కలు వేసి పవర్ చూడాలి. ముందు అద్దాలు, అవి చాలకపోతే ప్యాచ్: మధ్యస్థంగా ఉంటే రోజుకు 2 గంటలు, తీవ్రంగా ఉంటే 6 గంటలు. కళ్లజోడుకు అతికిస్తే పక్కనుంచి తొంగిచూస్తారు, చర్మానికే అతికించాలి. మధ్యమధ్య వైద్యులకు చూపించకుండా ఎక్కువ గంటలు మూస్తే మంచి కన్నే మందగించవచ్చు.

ఈ పరీక్షలను టీకాల కార్డులోనే చేర్చాలని ఆరోగ్య శాఖలను కోరుతున్నాం. ‘ఏడేళ్లు దాటాయి, ఇక లాభం లేదు’ అని తిప్పి పంపడం కూడా మానాలి. 7 నుంచి 12 ఏళ్ల మధ్య పిల్లల్లోనూ కొందరికి అద్దాలు, ప్యాచ్‌తో చూపు మెరుగవుతోంది.

ఇట్లు,
పిల్లల కంటి వైద్యులు