ఆర్సీ (రిమోట్‌తో ఎగరేసే) విమానాల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది విమానం లోపలి సామాన్ల గురించే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి కూడా మన ఎగరేయడం అంతా పంటల్ని బట్టే నడిచింది, సార్వా కోతలయ్యాక కొన్నాళ్లు, మళ్లీ దాళ్వా కోతల తర్వాత తొలకరి దాకా. చేలల్లోకి రానిచ్చిన రైతులకు పేరుపేరునా కృతజ్ఞతలు. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో కోశాధికారి చదువుతారు.

అసలు చెప్పాల్సింది ఇది. కూలిన మోడళ్లు విప్పి చూస్తే చాలావాటిలో రెక్కకీ మోటారుకీ ఏ లోపమూ లేదు, లోపలి సామాను కదిలిపోయింది అంతే. అన్నిటికంటే ఎక్కువగా కదిలేది బ్యాటరీ. ఎండకి వెల్క్రో జిగురు మెత్తబడి, లూప్ (గాలిలో నిలువు పల్టీ) కొట్టేటప్పుడు లిపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) వెనక్కి జారితే సీజీ, అంటే విమానం బరువు తూగే చోటు, మారిపోతుంది, ఇక ఎంత అనుభవం ఉన్నా ఆ విమానం చేతికి రాదు. అందుకే వెల్క్రో కింద ఉన్నా పైనుంచి పట్టీ బిగించండి, ముందూ వెనకా బల్సా (తేలికపాటి చెక్క) ముక్క అడ్డం పెట్టండి.

రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌ని పెట్రోలు ఇంజిన్ మోడళ్లలో మెత్తటి ఫోమ్‌లో చుట్టాలి, కానీ జైరో (విమానం ఊగడాన్ని పసిగట్టే సెన్సర్) ఉన్న రిసీవరైతే అలా వదులుగా పెట్టకూడదు, అది విమానంతో పాటే కదలాలి కాబట్టి డబుల్ సైడ్ టేపుతో గట్టిగా అంటించాలి. ఈఎస్‌సీని (మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డుని) మాత్రం దేంట్లోనూ చుట్టొద్దు, దానికి గాలి కావాలి, లోపలికొచ్చే కన్నం కంటే బయటికెళ్లే కన్నం పెద్దదిగా ఉండాలి. సర్వో (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటారు) బిగించే రబ్బరు గ్రోమెట్లలో (వాషర్లలో) ఇత్తడి ఐలెట్‌ని (చిన్న గొట్టాన్ని) కింది నుంచి ఎక్కించాలి, లేకపోతే స్క్రూ బిగించగానే రబ్బరు నలిగిపోయి వైబ్రేషన్ ఆపదు. 2.4 గిగాహెర్ట్జ్ యాంటెన్నాలో చివర ఉండే 31 మిల్లీమీటర్ల ముక్కే అసలు పని చేసేది, దాన్ని మడవొద్దు, కార్బన్ ఫైబర్ పక్కన పెట్టొద్దు, రెండుంటే ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉంచండి.

మన దగ్గర ఇంకో పెద్ద ఇబ్బంది నీళ్లు. కాలువలో పడితే ఒక రకం, భీమవరం, నరసాపురం వైపు రొయ్యల చెరువులో పడితే ఇంకో రకం. ఉప్పునీళ్లు తగిలిన సర్క్యూట్ బోర్డులో కరెంటు ఉంటే ఆ ఉప్పు రాగిని చూస్తుండగానే తినేస్తుంది, కాబట్టి తీయగానే ముందు బ్యాటరీ పీకండి, తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, పూర్తిగా ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెడితే ఉప్పు పోదు, ఈ మాట ప్రతి కొత్త సభ్యుడికీ చెప్పండి! ముందే బోర్డుకి కన్ఫార్మల్ కోటింగ్ (తడి తగలనివ్వని పల్చటి పూత) వేసుకుంటే ఇంకా మేలు, ప్లగ్గు పిన్నులకి మాత్రం తగలకుండా టేపు వేయండి. తడిసిన లిపో, ఉబ్బిన లిపో, దెబ్బ తిన్న లిపో ఏదైనా మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు, ఇంట్లోకి తేవొద్దు.

వచ్చే ఏడాది నుంచి ఎగరేసే ముందు పక్కనున్న సభ్యుడు మీ మోడల్‌ని తలకిందులు చేసి ఊపి చూస్తారు. రేంజ్ చెక్ (సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూడడం) తప్పనిసరి. సిగ్నల్ పోతే థ్రాటిల్ ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకుని, ప్రొపెల్లర్ తీసేసి, ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆపి పరీక్షించాలి. లిపో అంటుకుంటే వాడడానికి ఇసుక బకెట్లు దాళ్వా కోతలకి ముందే కొంటున్నాం, పట్టీలు, గ్రోమెట్లు సంఘం పెట్టెలో ఉంటాయి, కావలసినవాళ్లు అడిగి తీసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి