అరగని బిళ్ల

మా దగ్గర బోటు ఇంజిన్ సర్వీసు చేయించుకున్న వాళ్లందరికీ,

గత సెప్టెంబరు నుంచి ఈ మార్చి వరకు నేను మీ ఇంజిన్లకు బిగించిన ఆనోడ్ బిళ్లలు, అంటే ఇంజిన్ లోహానికి బదులు తాము అరిగిపోవాల్సిన లోహపు ముక్కలు, పనికిమాలినవి. మొత్తం 31 ఇంజిన్లు. మీది అందులో ఉందో లేదో బిల్లు మీద తేదీ చూస్తే తెలుస్తుంది. బిల్లు పోతే నా పుస్తకంలో ఉంది. అన్నిటికీ కొత్త బిళ్లలు ఉచితంగా వేస్తాను. పని మాట ఇంతే. కానీ ఏం జరిగిందో నా నోటితోనే చెప్పాలి. ఇప్పటికే బజారులో వేరే కథ నడుస్తోంది.

ఏప్రిల్ 15న సముద్రంలో వేట నిషేధం మొదలైన తర్వాత పాత ఖాతాదారు ఒకాయన ఇంజిన్ తెచ్చి కొట్టు ముందు దించారు. ఏడాదిలో కొన్ని నెలలు శ్రీశైలం జలాశయంలో, మిగతా నెలలు సముద్రంలో వేట ఆయనది. "మేస్త్రీ గారూ, మీరు వేసిన బిళ్ల భలే గట్టిది. ఆరు నెలలు ఉప్పునీళ్లలో ఉన్నా ఇసుమంత అరగలేదు" అని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు వింటూనే నాకు ఒళ్లు చల్లబడింది.

బిళ్ల ఉన్నదే అరగడానికి. ఇంజిన్ కాలు, అంటే నీళ్లలో మునిగే కింది భాగం, అల్యూమినియం. దాని బోల్టులు, ప్రొపెల్లర్ ఇరుసు స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీళ్లలో మునిగితే అదొక బ్యాటరీ అవుతుంది, అందులో బలహీనమైన లోహం కరిగిపోతుంది. ఆ కరిగేది ఇంజిన్ కాలు కాకుండా చూడటానికే అంతకంటే బలహీనమైన బిళ్లను పక్కన పెడతాం. బిళ్ల కొత్తగా మెరుస్తోందంటే ఇంకేదో కరుగుతున్నట్టు. ఆయన ఇంజిన్ తిప్పి చూశాను. గేర్ కేసు (కాలి కింద గేర్లు ఉండే డొప్ప) మీద పెయింటు పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది, కింద గుంటలు.

నేను ఏ బిళ్లలు ఎంచుకున్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడ జరగలేదు. జింకు బిళ్ల సముద్రంలో బాగా పనిచేస్తుంది, మంచినీళ్లలో పైన గట్టి పొర కట్టి మొద్దుబారుతుంది. మెగ్నీషియం మంచినీళ్లకే సరి, సముద్రంలో వేస్తే వారాల్లో కరిగిపోతుంది. మీలో కొందరి ఇంజిన్లు రెండు నీళ్లూ చూస్తాయి కాబట్టి రెండింటికీ తట్టుకునే అల్యూమినియం బిళ్లలు తెప్పించాను. అయితే ఆనోడ్ అల్యూమినియం వేరు, గిన్నెల అల్యూమినియం వేరు. మామూలు అల్యూమినియం మీద సన్నటి పొర ఏర్పడి లోహాన్ని కరగనివ్వదు. ఆనోడ్‌లో ఆ పొర నిలవకుండా కాస్త జింకు, చిటికెడు ఇండియం అనే లోహం కలుపుతారు. నాకు వచ్చినవి పాత సామాను కరిగించి అచ్చు పోసిన ముక్కలు. బరువు అదే, రంగు అదే, అచ్చు కూడా అదే.

పంపినాయన పేరు రాయను. తొమ్మిదేళ్ల పరిచయం. ఫోను చేస్తే మొదట "బిళ్ల కింద పెయింటు గీకకుండా బిగించి ఉంటారు" అన్నాడు. నేను! బిళ్ల కూర్చునే చోట లోహం తళతళలాడేదాకా గరుకు కాగితం రుద్దనిదే స్పానర్ పట్టుకోనివ్వనని మా కుర్రాళ్లు తిట్టుకుంటారు. తర్వాత నీళ్లదే తప్పన్నాడు. చివరికి, "సముద్రం మొహం చూడని కర్నూలు వాళ్లకు ఆనోడ్ల సంగతి ఏం తెలుసు" అన్నాడు. నిజమే, మాకున్నది తుంగభద్ర, హంద్రీ. 2009 అక్టోబరు వరదలో ఈ కొట్టు మునిగినప్పుడు మా వీధిలోకి వచ్చిన బోటు ఇంజిన్‌కు చెత్త అడ్డుపడి ఆగిపోతే, నడుముల్లోతు నీళ్లలో నిలబడి బాగుచేసింది ఈ సముద్రం చూడనివాడే. అంతవరకు పొలాల ఆయిలింజన్లు తప్ప నాకు వేరే పని తెలియదు. అక్కడి నుంచి నేర్చుకుంటూ వచ్చాను.

ఆ మాట పడలేక అదే రాత్రి పరీక్ష చేశాను. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి బకెట్లో 10 లీటర్ల నీళ్లు పోసి 350 గ్రాముల ఉప్పు కలిపాను. వోల్టులు కొలిచే మీటరు నల్ల తీగ అసలైన జింకు బిళ్లకు, ఎర్ర తీగ పరీక్షించే బిళ్లకు తగిలించి రెండు బిళ్లలూ ముంచాను. మంచి అల్యూమినియం ఆనోడ్ అయితే జింకు కంటే కాస్త కిందికి, మైనస్‌లో చూపాలి. ఇవి ప్లస్‌లో, పావు వోల్టుకు పైనే చూపించాయి. నా దగ్గర మిగిలిన 18 బిళ్లలూ అంతే. ఫోటోలు పంపితే సగం డబ్బు తిరిగిస్తాను, విషయం బయటపెట్టవద్దన్నాడు. ఆ సగం నాకు అక్కర్లేదు. ఇక ఆయన ఊరికే ఇచ్చినా ఒక వాషర్ కూడా తీసుకోను.

ఈ బకెట్ పరీక్ష సెప్టెంబరులోనే చేసి ఉండాల్సింది. ఆ సరుకు ధర మామూలు కంటే మూడో వంతు తక్కువ వచ్చింది. మంచి బేరం కుదిరిందని సంబరపడ్డాను తప్ప ఎందుకు తగ్గిందని అడగలేదు. అది నా తప్పు.

తర్వాత రెండు రాత్రులు నిద్ర లేదు. 31 ఇంజిన్లలో సముద్రానికి వెళ్లేవి తొమ్మిదే. మిగతా 22 సంగమేశ్వరం వైపు, అవుకు వైపు మంచినీళ్లలో తిరిగేవి. మంచినీళ్లలో ఈ తినివేత చాలా నెమ్మది. "ఆ తొమ్మిదింటికి మార్చు నాన్నా, మిగతావాళ్లకు వచ్చే సర్వీసులో మార్చేద్దాం, ఎవరికీ తెలియదు" అన్నాడు మా అబ్బాయి. లెక్క వేస్తే వాడి మాటే లాభం. దాదాపు ఒప్పుకున్నాను కూడా. కానీ రెండేళ్ల క్రితం సంగమేశ్వరంలో ఒకాయనకు అమ్మిన ఇంజిన్ చేతులు మారి ఇప్పుడు మచిలీపట్నంలో తిరుగుతోంది, దాని గేర్ కేసు మీద మా కొట్టు స్టిక్కర్‌తో సహా. ఈ 22లో ఏది ఎప్పుడు సముద్రం చేరుతుందో నాకేం తెలుసు? అందుకే అన్నిటికీ మారుస్తున్నాను. మా అబ్బాయి ఇంకా ముభావంగానే ఉన్నాడు.

తొమ్మిది సముద్రపు ఇంజిన్లలో గేర్ కేసు గుంటలు పడి ఉంటే కూలీ నాది, సామానులో సగం నాది. అంతకు మించి నా వల్ల కాదు. ఇంజిన్ లోపల నీటి దారుల్లో ఉప్పు గడ్డకట్టి వేడెక్కితే మాత్రం అది నా ఖాతాలో వేయవద్దు. ఒడ్డుకు రాగానే పైన నాలుగు చెంబులు కుమ్మరిస్తే లోపలి ఉప్పు పోదు. డ్రమ్ములో మంచినీళ్లు నింపి, నీళ్లు పీల్చుకునే రంధ్రాలు మునిగేలా కాలు దించి, న్యూట్రల్‌లో పది పదిహేను నిమిషాలు నడపాలి. ఇంజిన్ వేడెక్కి థర్మోస్టాట్ (వేడికి తెరుచుకునే నీటి కవాటం) తెరుచుకుంటే తప్ప మంచినీళ్లు అన్ని దారుల్లోకీ వెళ్లవు. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపవద్దు, పంపులోని రబ్బరు రెక్కలు మాడిపోతాయి. ఇంకొక మాట: ఆయుధ పూజకు బిళ్లకు పసుపు, కుంకుమ పెట్టుకోండి, మర్నాడు కడిగేయండి. పెయింటు మాత్రం వేయకండి. అందంగా ఉంటుందని ఇద్దరు వేసుకొచ్చారు. పెయింటు వేసిన బిళ్ల, ఈ దొంగ బిళ్ల ఒకటే.

నిషేధం జూన్ 14తో ముగుస్తుంది కాబట్టి సముద్రానికి వెళ్లేవాళ్లు ముందు రండి. పొద్దున తెస్తే సాయంత్రానికి ఇచ్చేస్తాను. మిగతావాళ్లు జూలైలో ఎప్పుడైనా సరే. కొత్త బిళ్లలు ఇంజిన్ కంపెనీ డీలరు దగ్గరివి, ధర దాదాపు రెండింతలు. దసరా వరకు సర్వీసు రేటు పెంచను, ఆ తర్వాత పెంచక తప్పదు. ఉప్పునీళ్ల బకెట్, మీటరు కొట్టు ముందు బల్ల మీదే ఉంటాయి. మీ బిళ్లను మీ చేతులతోనే ముంచి, మీటరు చూసుకున్న తర్వాతే బిగించమనండి.